తాడు లాగినా కదలని డొంక

గూడూరు వైపు నిమ్మతోటల్లో గడ్డి మిషను స్టార్టు కాకపోతే మెకానిక్కు కంటే ముందు చుట్టాలొస్తారు. కబురు పెట్టక్కర్లేదు. తాడు లాగినప్పుడు ‘బుర్ర్’మనే చప్పుడు, వెనకే నిశ్శబ్దం, మళ్ళీ ‘బుర్ర్’, మళ్ళీ నిశ్శబ్దం, ఆపైన లాగేవాడి నోట్లోంచి వచ్చే మాట. ఈ వరస చెవిన పడితే చాలు, గట్ల మీద పోయేవాళ్ళు దారి మార్చుకుని వచ్చేస్తారు. అందరూ ఒకప్పుడు టూస్ట్రోకు బండి నడిపినవాళ్ళే. చేతక్ స్కూటరుని పక్కకి ఒంచి, ట్యాంకులో పెట్రోలు గుడగుడలాడించి, కిక్కు కొట్టి పెళ్ళిచూపులకు వెళ్ళిన తరం. ఆర్‌ఎక్స్ హండ్రెడ్ తయారీ 1996లో ఆగిపోయింది గానీ దాని మీద అభిప్రాయాల తయారీ ఈనాటికీ ఆగలేదు.

మా తోటలో ఉన్నది 52 సీసీ బ్రష్ కట్టరు. కార్తీకంలో వానలు కుమ్మేసి వెళ్ళాక చెట్ల మధ్య తుంగ, గరిక, వాటిని తోసుకుంటూ వయ్యారిభామ నడుమెత్తు లేస్తాయి. పేరుకే వయ్యారిభామ. ఒంటికి తగిలితే దురద, ముక్కుకి తగిలితే తుమ్ములు. కూలికి పిలిచి ఆ పేరు చెబితే ఎవరూ రారు. అందుకని మిషను. గిర్రున తిరిగే నైలాన్ తీగతో గడ్డి కోసే ఉపాయం 1971లో అమెరికాలో, హ్యూస్టన్ నగరంలో, జార్జ్ బల్లాస్ అనే ఆయనకు కార్లు కడిగేచోట తిరిగే బ్రష్షులు చూసి తట్టిందట. పాప్‌కార్న్ డబ్బాకి చిల్లులు పొడిచి, వాటిలో గాలపు తీగలు దూర్చి తిప్పి చూశాడు. పక్కన మావలూ బాబాయిలూ లేకపోబట్టే ఆ పని పూర్తి చేయగలిగాడని నా నమ్మకం.

ముందుగా చేరుకున్నది స్కూటరు మావ. “కార్బొరేటరబ్బయా!” అన్నాడు, ఇంకా కంచె దాటకుండానే.

ఇంజనుకి కావలసినవి మూడే. సరిగ్గా కలిసిన పెట్రోలూ గాలీ, వాటిని అదిమిపట్టే బిగువు, అదను చూసి అంటించే నిప్పు. ఈ మూడింట్లో మన మగవాళ్ళకి కార్బొరేటరంటేనే మోజు. ఎందుకంటే దానికి తిప్పడానికి స్క్రూలున్నాయి. నిప్పుకి స్క్రూ లేదు. అది ఉందో లేదో తేలాలంటే ప్లగ్గు విప్పాలి. ప్లగ్గు విప్పాలంటే పానా కావాలి. పానా ఎక్కడ పెట్టామో గుర్తు రావాలి. ఈ వెతుకులాట తప్పించుకోడానికే పాపం ఎన్నో కార్బొరేటర్లు అకారణంగా విప్పబడుతున్నాయి.

మా పానా పశువుల కొట్టం కిటికీలో దొరికింది. ప్లగ్గు విప్పితే మొన తడిగా, నల్లగా, పెట్రోలు వాసనతో బయటికొచ్చింది. అంటే పెట్రోలు లోపలిదాకా చేరుతోంది, అంటించే నాథుడే లేడు. దాంతో మావ సిద్ధాంతం పోయింది గానీ మావ పోలేదు. “నలుపు చూశావా?” అన్నాడు. అందులో కొంత న్యాయముంది. మా మిషనుకి లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలపాలి, అంటే 25కి 1. కొన్ని మిషన్లకి 50కి 1 చాలు. తోటలో కుర్రాడు మాత్రం కంటిచూపుతో కలుపుతాడు. నూనె ఎక్కువైతే ఇంజనుకి బలమని వాడి నమ్మకం, నెయ్యి విషయంలో వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాటే ఇక్కడా అమలు. ఎక్కువైన నూనె మసిగా మారి ప్లగ్గు మొన మీద పేరుకుంటుంది. రెండు మొనల మధ్య ఆ మసి వంతెన కడితే నిప్పు ఎగరదు, కరెంటు వంతెన మీంచి నడిచి వెళ్ళిపోతుంది.

మావ ఉప్పుకాగితం తీశాడు. వద్దన్నాను. దాని రేణువులు పింగాణీ చుట్టూ సందులో ఇరుక్కుని తర్వాత సిలిండరులోకి రాలతాయి. పాత పళ్ళ బ్రష్షు, కాస్త పెట్రోలు చాలు. మొనల మధ్య ఎడం 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే రేకులు లేకపోతే హాక్సా బ్లేడు ఉంది, దాని మందం ఇంచుమించు అంతే. మన మెకానిక్కుల్లో చాలామందికి కొలబద్ద అదే.

ఇక నిప్పు పరీక్ష. విప్పిన ప్లగ్గుని మళ్ళీ క్యాపులో దూర్చి, మరలున్న లోహాన్ని సిలిండరు రెక్కలకి ఆనించి, తాడు గట్టిగా లాగాలి. మొన దగ్గర నీలంగా ‘టిక్’మని మెరవాలి. పసుపుపచ్చగా నీరసంగా వస్తే అనుమానించాలి. మెరుపు బాగున్నా పూర్తిగా నమ్మెయ్యకూడదు. బయటి గాలిలో ఎగిరే నిప్పు, సిలిండరులో అదిమిన గాలిలో ఎగరలేక చతికిలబడే అవకాశముంది. ఈ పరీక్ష ఎండలో పనికిరాదు, చెట్టునీడకి పోవాలి. ప్లగ్గు తీసిన కన్నానికి దూరంగా ఆనించడం మరీ ముఖ్యం. లోపల ఊరిన పెట్రోలు ఆ కన్నంలోంచి చిమ్ముతుంది. అక్కడే మెరిసిందంటే గడ్డి కొయ్యకుండానే తోట శుభ్రమైపోతుంది.

లాగి చూశాం. మెరవలేదు. కొత్త ప్లగ్గు పెట్టినా అంతే.

అప్పుడు లైన్‌మన్ పెదనాయన ముందుకొచ్చాడు. రిటైరైన మనిషి, పదకొండు వేల వోల్టుల లైన్ల కింద సర్వీసంతా గడిపినవాడు. “ఇందులో ఏం కరెంటుంటదిరా, పక్కకి జరగండి” అంటూ ఒక చేత్తో హ్యాండిలు పట్టి మిషను పైకెత్తి, రెండో చేతి వేలు క్యాపులో దూర్చి, “లాగరా” అన్నాడు. కుర్రాడు లాగాడు. పెదనాయన నోటివెంట వచ్చిన శబ్దాన్ని అక్షరాల్లో పెట్టడం నావల్ల కాదు. మిషను ఒకవైపు, ఆయన మరోవైపు, చెప్పులు ఇంకోవైపు. సిలిండరులో ప్లగ్గు మొన దగ్గర ఎడం దాటాలంటే పది పదిహేను వేల వోల్టులు అవసరం పడతాయి. అంటే ఆయన హైటెన్షన్ లైనుకి ఏమీ తీసిపోని సరుకే. వోల్టులెక్కువైనా శక్తి బహు తక్కువ, అదీ కన్నుమూసి తెరిచేలోపే అయిపోతుంది గనక మనిషి క్షేమంగా కుర్రాడి వంశాన్ని తిట్టగలిగాడు. గుండెజబ్బున్నవాళ్ళు మాత్రం ఈ ప్రయోగం జోలికే పోకూడదు.

పెదనాయన అరుపుతో ఒకటి తేలింది. నిప్పు పుట్టించే కాయిలు బతికే ఉంది. ఎప్పుడు బతుకుతోంది, ఎప్పుడు చస్తోందన్నదే తేలాలి.

“బ్యాటరీ లేదు గదా, మరి కరెంటు యాడ్నించి వచ్చింది?” అని అడిగాడు వాస్తు బాబాయి, అంతవరకూ నిమ్మచెట్టు కింద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నవాడు. చెప్పాను. తాడు లాగితే ఒక చక్రం తిరుగుతుంది. దాని అంచులో అయస్కాంతం పొదిగి ఉంటుంది. ఆ అయస్కాంతం కాయిలు ముందునుంచి దూసుకుపోయినప్పుడల్లా లావు తీగ చుట్లలో కరెంటు పుడుతుంది. అది మంచి ఊపులో ఉండగా లోపలున్న ఎలక్ట్రానిక్ ముక్క టక్కున తెంచేస్తుంది. ఆ తెంపుకి, పక్కనే వేల చుట్లున్న సన్నతీగలో వేల వోల్టులు లేస్తాయి. స్పార్కు ప్లగ్గుతో పనిచేసే ఇలాంటి మాగ్నెటోని 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజినీరు గాట్‌లోబ్ హోనోల్డ్ తీసుకొచ్చాడు. కరెంటుని తెంచే పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్స్ వచ్చాయి గానీ అసలు సూత్రం అదే. టూస్ట్రోకుకి చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక నిప్పు. నిమిషానికి ఏడు వేల చుట్లు తిరిగితే ఏడు వేల నిప్పులు, సెకనుకి వందకి పైనే. అయస్కాంతం వేగంగా పోతేనే ఇదంతా. తాడుని మర్యాదగా లాగితే పలకదు.

బాబాయి అంతా విని, అందులోంచి ఒక్క మాట ఏరుకున్నాడు. “నిప్పంటున్నావు. ఇప్పుడు ఏ దిక్కుకి పెట్టారు?”

నైరుతికి.

“అద్గదీ! అగ్నికి ఆగ్నేయం గదబ్బయా. వంటిల్లు నైరుతిలో పెట్టుకుని అన్నం ఉడకలేదంటే ఎట్టా?”

కుర్రాడు ప్లగ్గు బిగించి, హ్యాండిలు పట్టుకుని మిషను ముఖం ఆగ్నేయానికి తిప్పి, తాడు లాగాడు. అంటుకుంది. తోటంతా పొగ. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు అటూ ఇటూ నడిచాడు. ఆయనకప్పుడు మాటలు అక్కర్లేదు. కుర్రాడు ఒక వరస కోసుకుంటూ పోయి, చివర ఎడమకి తిరిగాడు. ఆగిపోయింది. “ఉత్తరానికి తిప్పాడుగా మరి!” అన్నాడు బాబాయి.

వాస్తు మీద నాకు గౌరవముంది, మా ఇంటి కోసం దానికి చెల్లించిన డబ్బు దృష్ట్యా ఉండక తప్పదు. కానీ పెదనాయనకి షాకు కొట్టినప్పుడూ, బాబాయికి విజయం దక్కినప్పుడూ జరిగింది ఒకటే: హ్యాండిలు కదిలింది. ఆ హ్యాండిలు మీదే ఇంజను ఆపే స్విచ్చి ఉంది. అక్కణ్ణించి కాయిలుదాకా గొట్టం వెంట తీగలు వెళ్తాయి.

ఈ స్విచ్చిది తిరగేసిన బుద్ధి. ఇంట్లో రెండు తీగలు కలిస్తే దీపం వెలుగుతుంది, ఇక్కడ కలిస్తే ఆరిపోతుంది. ఆపు అని నొక్కితే కాయిలులో పుట్టిన కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఇంజను బాడీలోకి దిగిపోతుంది. కాబట్టి తీగ తెగిపోతే ఇంజనుకి ఏ ఇబ్బందీ లేదు, హాయిగా నడుస్తుంది, ఆపడమే కష్టం. తొడుగు అరిగి గొట్టానికి తగిలితేనే ముప్పు. స్విచ్చి ఎవరూ ముట్టుకోకుండానే ‘ఆపు’లో ఉండిపోతుంది. టూస్ట్రోకు రోగాల్లో ఇంత చవకదీ, ఇంత ఆలస్యంగా పట్టుబడేదీ ఇంకోటి లేదు. టౌన్లో ఒక మెకానిక్కు అప్పటికే ఫోనులో, మిషను మొహం చూడకుండా, కాయిలుతో సహా మొత్తం సెట్టు మార్చాలని తేల్చేశాడు.

పరీక్ష చాలా తేలిక. పైమూత విప్పి, కాయిలు దగ్గర ఆ సన్న తీగ క్లిప్పు పీకేసి, ప్లగ్గు ఆనించి లాగాలి. లాగాం. నీలంగా, వరసగా, ఎటు తిప్పినా మెరిసింది. ప్లగ్గు బిగించి లాగితే అంటుకుంది. మావ వెంటనే ఆపబోయి స్విచ్చి నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, “స్విచ్చి పోయిందబ్బయా!” అని కొత్త రోగం ప్రకటించాడు. తీగ పీకేశాక స్విచ్చి ఎక్కడ పనిచేస్తుంది? చోక్ మూసి ఊపిరాడకుండా చేస్తే ఆగింది. తీగ వెంట వేలితో తడుముకుంటూ పోతే, హ్యాండిలు క్లాంపు కింద తొడుగు అరిగి, బియ్యపుగింజంత రాగి బయటపడి ఉంది. ఎడమకి తిరిగినప్పుడల్లా అది గొట్టాన్ని తాకుతోంది. నల్లటేపు చుట్టి, కాస్త పక్కకి జరిపి కట్టేశాం.

అక్కడితో అయిపోయేదే. ఈలోగా మావ, మూత ఎలాగూ తీశాం గదా అని, కాయిలు స్క్రూలు వదులు చేశాడు. చెప్పాగా, స్క్రూ కనబడితే ఆయన ఆగలేడు. కాయిలుకీ చక్రానికీ మధ్య ఎడం 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. దూరమైతే నిప్పు నీరసం, దగ్గరైతే రాపిడి. మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టి, అయస్కాంతం కాయిలుని లాక్కున్నాక స్క్రూలు బిగించి, చక్రం తిప్పి కార్డు బయటికి లాగడం పద్ధతి. కార్డు కోసం జేబులు తడిమారు. మావ దగ్గర మనవరాలి పెళ్ళి శుభలేఖ ఉంది. ఈ రోజుల్లో శుభలేఖలు పలకలంత మందం, అది పెడితే ఇంజను జన్మలో అంటుకోదు. పెదనాయన ఇచ్చింది ప్లాస్టిక్కు కార్డు, అదీ మందమే. చివరికి ఓ రియల్ ఎస్టేట్ కుర్రాడు ఎప్పుడో ఇచ్చిన చవకబారు కార్డు నా పర్సులోంచి దొరికింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

మిషను ఇప్పుడు ఎనిమిది దిక్కుల్లోనూ నడుస్తోంది. అయినా కుర్రాడు ముందు ఆగ్నేయానికి తిప్పి గానీ తాడు ముట్టడు. బాబాయి పేరు పొరుగు తోటలకి పాకింది. మొన్న ఒకాయన తైవాన్ పంపు మందు కొడుతూ కొడుతూ ఆగిపోతోందని, చల్లారితే మళ్ళీ లేస్తోందని కబురు పెట్టాడు. వేడెక్కితే కాయిలు చచ్చిపోతోందని పెదనాయన అన్నాడు, అలాంటి కాయిళ్ళు నిజంగానే ఉంటాయి. కార్బొరేటరన్నాడు మావ. బాబాయి వెళ్ళి, పంపుని ఆగ్నేయానికి తిప్పించి, పెట్రోలుందో లేదో చూద్దామని ట్యాంకు మూత తీశాడు. మూతకుండే గాలి రంధ్రం దుమ్ముతో పూడి, లోపలికి గాలి పోక పెట్రోలు దిగడం లేదు. మూత తియ్యగానే ‘సుయ్’మంది. బాబాయి మళ్ళీ మూత పెట్టి లాగమన్నాడు. మొదటి లాగుకే లేచింది. ఆ చప్పుడు సంగతి నేను చెప్పబోయాను గానీ, అప్పటికే ఆయన ఇంటికి నిమ్మకాయల బస్తా ఎత్తుతున్నారు.