అన్నా, ఒక డౌటు!

గల్ఫ్‌లో మనవాళ్లు రకరకాలు. ఓటీ (ఓవర్‌టైమ్) ఎప్పుడిస్తారా అని ఎదురుచూసేవాడొకడు. ఊళ్లో కడుతున్న ఇంటికి ఇక్కడినుంచే ఫోన్లో మేస్త్రీ పని చేయించేవాడొకడు. ‘ఇదే ఆఖరు’ అంటూ ప్రతిసారీ వీసా రెన్యువల్ చేయించుకునేవాడు మరొకడు. ఈమధ్య వీళ్ల సరసన కొత్త బాపతు ఒకటి చేరింది. పేరు డౌటు తమ్ముడు. పగలు గోడౌన్లో స్టోర్‌కీపర్, రాత్రి బంక్ బెడ్ మీద ప్రోగ్రామర్.

ఇలాంటివాడు ఎక్కడైనా ఉంటాడు గానీ ఉమ్ అల్ క్వైన్‌లో వాడి ప్రతాపం ఎక్కువ. యూఏఈలోని ఏడు ఎమిరేట్లలో జనాభా అతి తక్కువ ఇక్కడే. వైశాల్యంలోనూ దీనికన్నా చిన్నది అజ్మాన్ ఒక్కటే. దుబాయ్‌లో లిఫ్టు ఎక్కితే ఇద్దరు సాఫ్ట్‌వేర్‌వాళ్లు తగులుతారు, డౌట్లు తలా కొన్ని పంచుకుంటారు. ఇక్కడ ఆ భాగ్యం లేదు. అద్దె కలిసొస్తుందని ఈ ఊళ్లో ఉంటూ, రోజూ షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద షార్జాకో దుబాయ్‌కో వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ అన్న బిల్డింగుకు ఒకడుంటే గొప్ప. చుట్టుపక్కల పుట్టిన డౌట్లన్నీ ఆ ఒక్కడి నెత్తినే పడతాయి. ట్రాఫిక్‌లో నలిగొచ్చి బూట్లు విప్పేలోపు ఫోన్ టింగుమంటుంది.

డౌటు తమ్ముడిది జగిత్యాల వైపు. మర్యాద తెలిసినవాడు. చిక్కంతా అక్కడే ఉంది.

“అన్నా, ఉన్నవా?”

ఉన్నాడు.

“తిన్నవానే?”

తినలేదు గానీ తిన్నానంటాడు.

“ఇంటికాడ అందరు మంచిగున్నరా?”

ఉన్నారు.

“ఒక డౌటు అడగొచ్చా అన్నా?”

అడగొచ్చు.

“ఏమనుకోవు గదా?”

అన్న అప్పుడే మొదటిసారి ఏదో అనుకోవడం మొదలుపెడతాడు.

ఒక్కో ముక్కకూ ఒక్కో మెసేజి. మధ్యలో తమ్ముడు కూర తిప్పడానికి వెళ్తాడు. పోనీ ఫోన్ చేసి ఒక్కసారే కనుక్కుందామంటే ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు. కాల్స్‌కు బోటిమ్ యాప్ ఉంది గానీ, అన్నను ఇబ్బంది పెట్టడం తమ్ముడికి ఇష్టం ఉండదు. అందుకని వాయిస్ మెసేజి పంపుతాడు. అందులో కుక్కర్ విజిల్, పై బెడ్డువాడి సీరియలు, “ఎవడ్రా నా చార్జర్ దీస్కున్నది” అనే కేక స్పష్టంగా వినిపిస్తాయి. డౌటొక్కటే వినపడదు.

చివరికి అసలు సంగతి బయటపడుతుంది. “అన్నా, ప్రోగ్రామ్ నడుస్తలేదు.”

“ఏమొచ్చింది?”

“ఎర్రగ ఏందో వచ్చిందన్నా.”

“ఏమని రాసుంది?”

“ఇంగ్లీషుల ఉన్నది.”

ఇక ఫోటో వస్తుంది. తమ్ముడు స్క్రీన్‌షాట్ తీయడు, ఫోన్‌తో లాప్‌టాప్‌ను ఫోటో తీస్తాడు. అందులో ట్యూబ్‌లైట్ మెరుపు, తమ్ముడి బొటనవేలు, బ్యాటరీ ఎంతుందో చూపించే మూల అన్నీ ఉంటాయి. తమ్ముడు నేర్చుకుంటున్న పైథాన్ భాషలో ఎర్రర్ వస్తే అసలు మాట అట్టడుగు వరుసలో ఉంటుంది. ఆ ఒక్క వరుస మాత్రం ఫోటోలోకి రాదు. పెళ్లి ఫోటోలో వధూవరులను వదిలేసి షామియానా తీసినట్టు ఉంటుంది వ్యవహారం. కొంచెం కిందికి తియ్యమ్మా అంటే, లాప్‌టాప్ కీబోర్డు ఫోటో వస్తుంది.

ఒకసారి అన్న ఓపికగా ఆ కింది వరుస చదివించాడు. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేవనీ, బ్రాకెట్లతో రాద్దామనుకున్నావా అనీ కంప్యూటరే అడుగుతోంది. తమ్ముడు చూసి నేర్చుకున్న వీడియో పైథాన్ 2 కాలం నాటిది. ఆ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. దానికి ప్రింట్ పక్కన బ్రాకెట్లు అక్కర్లేదు, 3కు తప్పనిసరి. అంటే జవాబు ఎర్రర్‌లోనే ఉంది. తమ్ముడు దాన్ని కత్తిరించి, మిగిలినది అన్నకు పంపాడు.

తమ్ముడి రెండో విద్య మరీ గొప్పది. తనకొచ్చిన కష్టం చెప్పడు. ఆ కష్టానికి తనే ఒక మందు కనిపెట్టి, ఆ మందు ఎలా నూరాలో అడుగుతాడు. ఒక రాత్రి అడిగాడు: “అన్నా, నంబర్‌ను నడిమికి కోసుడెట్ల?”

అన్న పాపం నిజంగానే నేర్పాడు. నంబర్‌ను ముందు స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా మార్చాలి, సగం ఇటు, సగం అటు స్లైస్ చెయ్యాలి. తమ్ముడు కోశాడు. మర్నాడు ఇంకో డౌటు: “మూడంకెలుంటే యాడ కొయ్యాలన్నా?” అప్పుడు గానీ అన్నకు అనుమానం రాలేదు.

“ఒరేయ్, అసలు నీకేం కావాలి?”

గోడౌన్‌కు పొద్దున 12 కార్టన్లు వచ్చాయి, సాయంత్రం 30 వచ్చాయి. మొత్తం ఎన్ని అంటే ప్రోగ్రామ్ 1230 అంటోంది. తమ్ముడు బుర్ర పెట్టాడు. రెండూ అతుక్కుపోయాయి కాబట్టి నడిమికి కోసి, మళ్లీ కలిపితే సరి! ప్రోగ్రామర్ల లోకంలో దీనికి ‘ఎక్స్ వై ప్రాబ్లమ్’ అని పేరు. ఎక్స్ కావాల్సినవాడు వై గురించి అడగడం. అసలు రహస్యం చిన్నది. పైథాన్ 3లో ఇన్‌పుట్ ద్వారా ఏది టైపు చేసినా అది స్ట్రింగ్‌గానే వస్తుంది. రెండు స్ట్రింగుల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుందంతే. ముందు వాటిని ‘ఇంట్’ అనే ఫంక్షన్‌లో పెట్టి అంకెలు చేస్తే 42 వస్తుంది. మొదటి రోజే “12, 30 కలిపితే 1230 వస్తున్నది” అని ఉంటే అన్న వేడన్నం తినేవాడు.

అన్నలూ తక్కువవాళ్లేం కాదు. కొందరికి “గూగుల్ చేశావా?” అన్నదొక్కటే జవాబు. మరికొందరు “డాక్యుమెంటేషన్ చదువు” అని పంపేస్తారు, తాము ఎప్పుడు చదివారో చెప్పరు. ఇంకొకాయన ఉంటాడు. పైథాన్ అడిగితే “అసలు నువ్వు జావాతో మొదలుపెట్టాల్సింది” అంటాడు. వీళ్ల దగ్గర రెండుసార్లు తలవంచుకున్న కుర్రాడు మూడోసారి “ఏమనుకోవు గదా” అనక ఏమంటాడు?

2001లో ఎరిక్ రేమండ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, ప్రశ్నలు తెలివిగా ఎలా అడగాలో ఒక పెద్ద వ్యాసమే రాశాడు. ముందు నువ్వు వెతుకు, ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు చెప్పు, నీ ఊహలు కాదు జరిగింది చెప్పు, పని అయ్యాక ఎలా అయిందో నలుగురికీ తెలియజెయ్యి అన్నది అందులోని సారం. అంతా న్యాయమే. కానీ ఆ మర్యాదలో విషయం ముందు, కుశలం తర్వాత. మన మర్యాదలో కుశలం ముందు, విషయం గుమ్మం దాటేటప్పుడు. డౌటు తమ్ముడు ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నాడు. వాడు మొద్దు కాదు. వేలకొద్దీ కార్టన్లలో ఒకటి తగ్గితే ఏ ర్యాకులో తగ్గిందో చెప్పగలడు. ఇంత పెద్ద చదువు చదివిన అన్నను తిన్నావా అనకుండా పని అడగడం మాత్రం వాడికి నోరు రాదు.

దీనికి చౌకైన చికిత్స ఒకటుంది. 1999లో వచ్చిన ‘ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంలో, ప్రోగ్రామ్ మొరాయిస్తే రబ్బరు బాతుకు వరుసవరుసా వివరించే చిట్కా ఉంది. చెబుతుండగానే తప్పు దొరుకుతుంది. తమ్ముడి రూములో బాతు లేదు, ఐదు గ్యాలన్ల నీళ్ల క్యాను ఉంది. అన్న సలహా మీద దానికే చెప్పడం మొదలుపెట్టాడు. రూమ్మేట్లు మొదట భయపడ్డారు, డ్యూటీ ఎక్కువై ఏదో అయిందనుకున్నారు. క్యానుతో పెద్ద సుఖం ఏమిటంటే, అది తిన్నదా అని అడగక్కర్లేదు. నేరుగా విషయంలోకి వెళ్లొచ్చు. అన్నకు వచ్చే డౌట్లు సగమయ్యాయి. వచ్చినవి మాత్రం పూర్తిగా వస్తున్నాయి: ఏం రాశాడు, ఏం రావాలనుకున్నాడు, ఏమొచ్చింది.

కాబట్టి అడిగేవాళ్లకు ఒక మనవి. తెలియకపోవడం తప్పు కాదు, అర్ధరాత్రి అడగడం కూడా పెద్ద తప్పు కాదు. ఎర్రర్ చివరి వరుస పంపకపోవడం మాత్రం తప్పే. పనయ్యాక “అయిందన్నా, గిదీ కారణం” అని ఒక ముక్క చెప్పండి, వంద దండాలకన్నా అది మిన్న. చెప్పేవాళ్లకూ ఒక మనవి. రోజంతా కార్టన్లు లెక్కపెట్టి వచ్చి బంక్ బెడ్ మీద కూర్చుని, పక్కవాళ్ల నిద్ర చెడకుండా లాప్‌టాప్ వెలుతురు తగ్గించుకుని నేర్చుకునేవాడికి “గూగుల్ చేశావా” అన్నది జవాబు కాదు. వాడు అడిగితే చెప్పండి.