వేపాకు చేదుగానే ఉంది

మా ఊళ్లో ఎవరిని పాము కరిచినా ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికే పొమ్మని చెప్పేవాణ్ణి. నేను బడిలో జీవశాస్త్రం చెప్పే పంతుల్ని. చాలా పాములకు విషం ఉండదనీ, విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుందనీ పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. మంత్రం వేయించుకుని లేచి నడిచిపోయినవాళ్లను చూసినప్పుడు ఆ పాఠం నాకే గుర్తు రాలేదు. లేవనివాళ్లకు ఆయుష్షు తీరిందనుకున్నాం.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం మెట్టలో శెనక్కాయే మాకు ఆధారం. కాయ ఇల్లు చేరితే ఎలుకలు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. ఒక రాత్రి బస్తాలకు కావలిగా నేలమీదే పడుకున్నాను. కట్లపాము కాటుకు నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు కూడా కనపడకపోవచ్చు. కడుపునొప్పికి మెలకువ వచ్చింది. నల్లటి ఒంటి మీద తెల్లకట్లున్న పామును మా ఆవిడే చూసింది.

"ఆసుపత్రికి పోదాం రాండి" అంది. నేను వినలేదు.

మంత్రం వేసే ఆయన వేపాకు నమలమన్నాడు. చేదుగానే ఉంది. చేదు తెలిస్తే విషం ఎక్కనట్టే అన్నాడు. కదిరి నరసింహస్వామికి దండం పెట్టుకుని ఇంటికొచ్చి పడుకున్నాను. కట్లపాము విషానికి నాలుక రుచితో పని లేదు. నరం చెప్పింది కండకు చేరకుండా చేస్తుందది. వేపాకు చేదుగా ఉన్నంతసేపూ ఆ పని లోపల జరిగిపోతూనే ఉంది.

తెల్లవారేసరికి రెప్పలు ఎత్తలేకపోయాను. ఉమ్మి మింగుడు పడలేదు. 108 వాహనంలో ఊపిరి అందలేదు.

ఆసుపత్రిలో నాకు స్పృహ లేదనుకున్నారు. కానీ అన్నీ వినపడుతూనే ఉన్నాయి. వేలు కూడా కదిలించలేను. గొట్టం వేసి యంత్రంతో ఊపిరి ఆడిస్తున్నారు. విషం ఒకసారి నరాల కొసలను పట్టుకుని చెడగొట్టాక మందు దాన్ని వెనక్కి తేలేదట; ఆ కొసలు మళ్లీ కోలుకునేదాకా యంత్రమే కాపాడాలట. ఆ మాట డాక్టరు మా ఆవిడకు చెప్పడం విన్నాను. బోరు అప్పు కాగితాలు యాడ పెట్టినాడో అని బావమరిది అడగడం కూడా విన్నాను. ఎండిపోయిన ఆ బోర్ల కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో! అప్పుడు మాత్రం ఆ అప్పు నా మనసులోకే రాలేదు. వచ్చింది ఒక పిల్లవాడు. గొర్రెలు కాసేవాళ్ల కొడుకు. నా మాట మీదే వాణ్ణి మంత్రానికి తీసుకుపోయారు. వాడికీ ఇట్లాగే అన్నీ వినపడి ఉంటాయా?

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఎక్కువ మంది పల్లెల వాళ్లే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. అది తెలిసి కూడా నేను దారి మళ్లించాను.

దేవుడి మీద నమ్మకం పోలేదు. ఇప్పటికీ కదిరికి పోతాను. ఒకప్పుడు బోరులో నీళ్లు పడాలని మొక్కేవాణ్ణి. ఇప్పుడు ఏమీ అడగను. నాకు తెలిసిన మంచిని పక్కన పెట్టి నా బద్ధకానికీ భయానికీ ఆయన పేరు పెట్టుకున్నందుకు తప్పు ఒప్పుకుంటాను. కరిచినచోట కోయొద్దు, బిగించి కట్టొద్దు, కాలో చెయ్యో కదలనీయకుండా ఆసుపత్రికి పోండి అని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. మంచం మీద, దోమతెర అంచులు లోపలికి దోపుకుని పడుకోమంటున్నాను.

అట్లా తిరగడానికి ముందే ఆ పిల్లవాడి తల్లి దగ్గరికి పోయాను. జరిగిందంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"ఆసుపత్రికి పోయింటే బతికేటోడా సార్?"

"బతికే దారి ఉండేదమ్మా. ఆ దారిలో పోనీయనిది నేనే."