కొటేషను చీటికి టీకాతాత్పర్యము

మూలము:

"ఓల్డ్ ల్యాప్‌టాప్ ఎక్స్ఛేంజ్. న్యూ కస్టమ్ బిల్డ్. ఐ సెవెన్, 32 జీబీ, 1 టీబీ. ఫుల్లీ లోడెడ్, ఫ్యూచర్ ప్రూఫ్. బ్యాటరీ, హింజ్, ఫిజికల్ డ్యామేజ్ వారంటీలో రావు. జీఎస్టీ ఎక్స్‌ట్రా."

అవతారిక: సికిందరాబాదు పార్కులేను ప్రాంతమున నొక మేడమీద, తన కార్డుపై ‘సిస్టమ్ ఆర్కిటెక్ట్’ అని అచ్చువేయించుకొనిన యొక యువకుడు, ఇంకను ప్రాణముతోనున్న నా ల్యాప్‌టాపును ఎడమచేతితో ప్రక్కకు నెట్టి, కుడిచేతితో చిత్తుకాగితముపై వ్రాసి యనుగ్రహించిన గ్రంథమిది. గ్రంథము స్వల్పము, గ్రంథకర్త గాంభీర్యము అనల్పము. ఇట్టి గ్రంథములు వ్యాఖ్యానములేక లోకమున తిరుగుచుండుటచేతనే జనులు వానిని చదువక సంతకములు చేయుచున్నారు.

కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొల్చారమువాడు. మూలమున ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు నాయన నియమము పెట్టుకొనెను. ఆ నియమమున మొదటి సగమును ఈ వ్యాఖ్యాత యథాశక్తి పాటించును. రెండవ సగము కొటేషనుల యెడ చెల్లదు. అక్కఱలేనిదంతయు తీసివేసినచో వానియందు మిగులునది ధర యొక్కటియే.

ఓల్డ్: పదము సులభము. దానిని నా యంత్రమున కంటగట్టుటయే దుర్ఘటము. కారణమడుగగా గ్రంథకర్త, "సిక్స్త్ జెన్ సార్, లెవెన్ ఎక్కదు, ఇది అయిపోయినట్టే" అనెను. నైయాయికుల పద్ధతిని ఇది యొక అనుమానవాక్యము. ఈ యంత్రము మృతమని ప్రతిజ్ఞ. విండోస్ 11 ఎక్కకుండుట హేతువు. కాని ఈ హేతువు వ్యభిచరించుచున్నది. వాని తలపైన తిరుగుచున్న పంకాకును విండోస్ 11 ఎక్కదు. అది నిక్షేపముగా తిరుగుచునేయున్నది. కావున ఇది హేత్వాభాసము.

వస్తుస్థితి యిది. విండోస్ 10కు మామూలుగా వచ్చుచుండిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతాంగమును కోరును, కొలది మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరమునకు పూర్వపు ఇంటెల్ ప్రాసెసర్లను అంగీకరింపదు. ఇది ప్రవేశార్హతనుగూర్చిన నిబంధన. యంత్రము తలుపువద్ద ఆపబడినదే కాని చచ్చిపోలేదు. లోపల తిరుగుడు డిస్కును తీసి ఎస్ఎస్‌డీ నొకదానిని బిగించి, లినక్సు నెక్కించినచో మఱికొన్నియేండ్లు వ్యాసములు వ్రాయించుకొనును. ఆ మాట నోట పలికిన అంగడివాడు నాకు తారసిల్లలేదు. పలికినచో వానికి మిగులునది మరలు విప్పిన కూలి. పలుకకున్న మిగులునది క్రొత్త యంత్రముపై లాభము. వాడు బ్రతుకవలసినవాడే. అయినను బ్రతికియున్న దానికి మరణధ్రువపత్రమిచ్చుట ఏ వృత్తిధర్మమో నేనెఱుగను.

కస్టమ్ బిల్డ్: ఇందలి అలంకారము అపహ్నుతి. ఉన్నదానిని మఱుగుపఱచి మఱియొకదానిని ఆరోపించుట దాని లక్షణము. క్లెవో వంటి తైవాను సంస్థలు పేరులేని డొల్లలను, అనగా తెర, మీటలపలక, మదరుబోర్డు, కీళ్లతో సహా సిద్ధమైన దేహములను తయారుచేసి, లోకమందలి వర్తకులకు అమ్ముచుండును. వర్తకులు తమ తమ నామములను వానిపై ముద్రించుకొందురు. ఇట్టి దేహములందు ప్రాసెసరు సాధారణముగ బోర్డునకు టంకముతో అదికియుండును. కావున నిర్మాత నిర్మించుటకు మిగులునవి రెండు: గాడిలో దిగు జ్ఞాపకపు పలక, 22 మిల్లీమీటర్ల వెడల్పును 80 మిల్లీమీటర్ల పొడవును గల ఎస్ఎస్‌డీ ముక్క. ఒక చిన్న మరను బిగించినతోడనే నిర్మాణము సమాప్తమగును. పెండ్లివారింట విస్తరిలో ఉప్పు వడ్డించినవాడు వంట నాదేయని మీసము దువ్వుటను ఎవరును హర్షింపరు. ఈతడో, "మీకోసమే బిల్డ్ చేశాం సార్" అనునప్పుడు విశ్వకర్మ యింద్రప్రస్థమును అప్పగించుచున్నట్లు కన్నులు అరమోడ్చును.

ఐ సెవెన్, 32 జీబీ: స్పష్టములు. యూనికోడు యూటీఎఫ్-8 రూపమున తెలుగు చిహ్నమొక్కంటికి మూడు బైట్లు పట్టును. ఆ లెక్కను ఈ వ్యాఖ్యయంతయు కలిపినను లక్ష బైట్లకు ఎంతయో లోపు. తక్కిన జ్ఞాపకశక్తిని నేనేమి చేయుదునని గ్రంథకర్త అడుగలేదు. మూలమున లేదు గావున నేనును చెప్పను.

1 టీబీ: ఇచ్చట వ్యాఖ్యాత కొంచెము కాలుచాపుకొని కూర్చుండును. ఒక టీబీ యని కొన్న డిస్కును విండోసు 931 జీబీ యని చూపుట లోకవిదితము. తక్కినదేమైనదని యడిగినచో, "ఫార్మాటింగ్‌లో పోతుంది సార్" అని సమాధానము. ఇది అపవ్యాఖ్య. ఏమియు పోలేదు. వర్తకుడు పదులతో కొలుచును; విండోసు రెండులతో కొలుచును. రెండులతో కొలుచుట మనకు క్రొత్త కాదు. పింగళుని ఛందస్సూత్రములయందును, పదవశతాబ్దమున హలాయుధుడు వానికి రచించిన వ్యాఖ్యయందును ఆ విద్య యున్నది. అక్షరము గురువైన కావలెను, లఘువైన కావలెను. ఒక్కొక్క అక్షరము పెరిగినకొలది వృత్తముల సంఖ్య రెండింతలగును. సర్వగురువుతో మొదలై సర్వలఘువుతో ముగియు నీ వరుసకే ప్రస్తారమని పేరు. సంఖ్య చెప్పగా వృత్తమును పట్టుట నష్టము. వృత్తము చెప్పగా సంఖ్యను పట్టుట ఉద్దిష్టము.

ఉద్దిష్టప్రకార మెంత సొగసైనదో చూడుడు. పాదమందలి అక్షరములపై వరుసగా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది యని రెట్టించుచు పోవలెను. లఘువులపై పడిన సంఖ్యలను కూడి, ఒకటి చేర్చవలెను. భ, ర, న, భ, భ, ర, వ గణముల ఉత్పలమాలయందు పండ్రెండు లఘువులు. వానిపై సంఖ్యల మొత్తము 3,55,798. ఒకటి చేర్పగా 3,55,799. ఇరువదియక్షరముల కృతిచ్ఛందమున ఉత్పలమాల స్థాన మది. అదే ఛందమున మత్తేభవిక్రీడితము 2,98,676వది. పందొమ్మిది యక్షరముల శార్దూలము తన ఛందమున 1,49,337వది. ఇరువదియొక్క యక్షరముల చంపకమాల 7,11,600వది. గురువునకు సున్నయు, లఘువునకు ఒకటియు వేసికొన్నచో యంత్రము లోపల జరుగు లెక్కయు నిదియే. అయినను సిస్టమ్ ఆర్కిటెక్టులలో ఉద్దిష్టము వేయగలవాడు నాకింకను కనబడలేదు.

ఇరువది యక్షరములకు పుట్టు వృత్తములు 10,48,576. పూర్వపు లెక్కను మెగాబైటొక్కంటికి బైట్లు సరిగా ఇన్నియే. వర్తకుని మెగాబైటు మాత్రము పదిలక్షలతో నిలిచిపోవును. మఱి ఆ తెగిపోయిన 48,576 వృత్తము లెవ్వి? నాకీ సందేహము కలిగి లెక్కవేసి చూచితిని. అవియన్నియు పాదము చివర నాలుగును లఘువులే గలవి. ఉత్పలమాలయు మత్తేభమును పదిలక్షలకు ఎంతయో ఈవలనేయున్నవి. కావున వర్తకుని కత్తెరవలన నన్నయకుగాని, పోతనకుగాని భంగము వాటిల్లలేదు. ఆ తెగినవానికై విలపింపవలసిన కవియు నాకు తోచుటలేదు. ఇరువది యక్షరములవద్ద నూటికి అయిదునకు లోపుగానున్న యీ తేడా, నలువది యక్షరములవద్ద, అనగా రెండు పాదములను ఒక్కటిగా కొలిచినప్పుడు, నూటికి పదికి చేరువయగును. టీబీ యనునది ఆ నలువది యక్షరముల లెక్క. అందువలన 1024 కావలసినచోట 931 కనబడుచున్నది. ఇది మోసము కాదు, కొలతల భేదము. దీనిని చెప్పుటకు రెండు నిమిషములు చాలును. "ఫార్మాటింగ్‌లో పోతుంది" అనుటకు రెండు క్షణములు చాలును. ఆ మిగిల్చిన కాలముతో గ్రంథకర్త మఱియొకనికి కొటేషను వ్రాయును.

కొటేషను మాట మఱచితిమి. ఫుల్లీ లోడెడ్ అను పదమునొద్ద నిలువుదము.

అన్నియు నెక్కించితి ననుచున్నాడు. తెలుగు అక్షరములెక్కినవా యని అడిగితిని. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక 1991లోనే భారతీయ ప్రమాణమందు చేరినది; అదేయేట వెలువడిన యూనికోడు మొదటి రూపమునందే తెలుగునకు 128 గళ్ల చోటు కేటాయింపబడినది. ఇన్నియేండ్ల తరువాత, కొనువాని కోరికననుసరించి నిర్మింపబడుచున్నదని చాటబడు యంత్రముపై కోరుకొనదగిన వానిలో తెలుగు మీటలు లేవు. గ్రంథకర్త నన్ను జాలితో చూచి, "ఇంగ్లీషులో కొడితే తెలుగు అదే వచ్చేస్తుంది సార్. మరీ కావాలంటే ఎదురు షాపులో స్టిక్కర్లు దొరుకుతాయి" అనెను. ఆ వెంటనే మీటల క్రింది దీపములను వెలిగించి చూపెను. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము ఒక్కొక్కటి 256 మెట్ల వంతున కలిసి 1,67,77,216 వన్నెలట. ఇరువదినాలుగు యక్షరముల సంకృతిచ్ఛందమున పుట్టు వృత్తముల సంఖ్యయు సరిగా నిదియే గావున నేనొక క్షణము ముగ్ధుడనైతిని. కాని ఆ దీపములపై ‘అ’ యను అక్షరమొక్కటి లేదు. వ్యాఖ్యాతకు వ్యంగ్యము తోచని చోటిది. తెలుగున వ్రాయువాడు ఈ అంగళ్లకు కొనుగోలుదారుడే గాని, వాని భాష కొనుగోలులో చేరలేదు.

ఫ్యూచర్ ప్రూఫ్: విండోస్ 10 వెలువడిన 2015లో, ఇదియే కడపటి విండోసని దాని సంస్థ ఉద్యోగియే యొక సభలో పలికెను. 2021లో పదునొకండవది వెలువడినది. భవిష్యపురాణమునకే ప్రక్షిప్తములు తప్పలేదు. చిత్తుకాగితముపై భవిష్యత్తును హామీగా వ్రాసినవాడు, ఆ క్రిందివాక్యముననే కీలునకు హామీ లేదనుచున్నాడు. ప్రాసెసరు భవిష్యత్తునకు నిలుచునట. దాని మూత మాత్రము నిలుచునో నిలువదో వాడు చెప్పజాలడట.

బ్యాటరీ, హింజ్: ఇది యీ గ్రంథమందలి ఏకైక సత్యవాక్యము, అందుచేతనే చిన్న అక్షరములతో వ్రాయబడినది. ల్యాప్‌టాపున అరుగునవి యివి. లిథియం బ్యాటరీ నింపినకొలదిని, ఖర్చుచేసినకొలదిని తన పట్టును కొంచెము కొంచెముగా కోల్పోవుట దాని స్వభావము; మూత తెఱచినకొలదిని, మూసినకొలదిని కీలు సడలుట దాని స్వభావము. పూర్వము బ్యాటరీని రెండు గొళ్లెములు జరిపి ఊడదీసి, క్రొత్తదానిని పెట్టుకొనుచుండిరి. ఇప్పుడది లోపల మరలతో బిగింపబడి, అడుగుపలక విప్పినగాని కనబడదు. విప్పినచో వారంటీ పోవునని కొందఱు స్టిక్కరంటింతురు. తెలుగునకు లేని స్టిక్కరు దీనికి మాత్రము అంగడివాడే యుచితముగా నిచ్చును. అరుగనివానికి హామీయిచ్చి, అరుగువానిని విడిచిపెట్టుటను ఏ అలంకారశాస్త్రమందు చేర్పవలెనో తెలియలేదు. ప్రాసెసరు చెడిన యంత్రమును నేను చూడలేదు. కీలు విఱిగి, తెరను గోడకు ఆనించి పనిచేయుచున్నవారిని ఎందఱినో చూచితిని.

ఎక్స్ఛేంజ్ అను పదమును మొదట విడిచితిమి. పాతదానికి కట్టిన విలువను గ్రంథకర్త నోట పలికెను గాని వ్రాయలేదు. మూలమున లేనిది వ్రాయననుట మన నియమము గావున ఆ మొత్తమును ఇచ్చట ఉదాహరింపను. అది వినిన పిదప పాతదానిని సంచిలో పెట్టుకొని మెట్లు దిగితినని మాత్రము పాఠకులు గ్రహింతురుగాక.

జీఎస్టీ ఎక్స్‌ట్రా: నూటికి పదునెనిమిది. శేషము స్పష్టము.