ఆ నాలుగు రూపాయలు

పెట్రోలు లీటరు మీద కేంద్రానికి ఎంత పోతుంది, రాష్ట్రానికి ఎంత పోతుంది అని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను. మా ఇంట్లో నెలకి ఎన్ని లీటర్ల పాలు పోయించుకుంటామో మాత్రం మా ఆవిణ్ని అడగాలి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఓనర్లకి లెక్కలు రాస్తాను. ట్రిప్పు షీటు చూస్తే చాలు, డ్రైవరు ఎక్కడ తక్కువ కొట్టించి ఎక్కువ రాశాడో పట్టేస్తాను. పది టైర్ల బండి లోడుతో లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తే అదే పదివేలు. హైదరాబాదు పోయి రావడానికి నూట ముప్పై, నూట నలభై లీటర్లు తాగుతుంది. డీజిలు రూపాయి పెరిగితే ఆ ట్రిప్పులో ఓనరుకి ఎంత తెగుతుందో నోటిలెక్కన చెప్పేస్తాను. ఇంత తెలివిగలవాణ్ని, నా స్కూటరుకి మాత్రం ఎప్పుడూ రెండొందలకే కొట్టిస్తాను. "రేటు పెరిగితే నాకేంటి, నేనెప్పుడూ రెండొందలకే కదా" అనే జోకు వాట్సాపులో వచ్చినప్పుడు పడీపడీ నవ్వి, పదిమందికి పంపాను కూడా. వారానికోసారి బంకుకి పోయేవాణ్ని కాస్తా మూడు రోజులకోసారి పోతున్నానన్న సంగతి చాలాకాలం నా లెక్కకి రాలేదు.

నాకో బావ ఉన్నాడు. అక్క మొగుడు, కానూరులో ఉంటాడు. సాయంత్రం పని దిగాక బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ పక్కన ఒక టీ బడ్డీ దగ్గర కలుస్తాం. ఆయనది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. పేర్లు చెప్పను గానీ, కింద తేదీలు చూస్తే ఎవరు ఎటో మీకే తెలిసిపోతుంది.

2015 ఫిబ్రవరిలో రాష్ట్రం పెట్రోలు, డీజిలు మీద లీటరుకి నాలుగు రూపాయల అదనపు వ్యాట్ వేసింది. అప్పుడున్నది మా ప్రభుత్వం. "రాజధాని లేని రాష్ట్రం, లోటు బడ్జెట్టు, నాలుగు రూపాయలు ఇవ్వలేమా బావా?" అని నేను గుండె మీద చెయ్యేసుకుని అడిగాను. "ఒరేయ్, ముడి చమురు పీపా నూటపది డాలర్ల నుంచి యాభైకి పడింది. ప్రపంచమంతా తగ్గుతుంటే ఇక్కడ పెంచడమేంట్రా?" అన్నాడు బావ. నిజానికి ఆయన అన్నది సబబే. పైగా 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపు కేంద్రం కూడా తొమ్మిదిసార్లు ఎక్సైజు పెంచింది. ఆ తొమ్మిదిసార్లలో ఒక్కసారీ నేను నోరు మెదపలేదు. అప్పుడు మాకూ కేంద్రానికీ పొత్తు. 2018 మార్చిలో పొత్తు తెగింది. ఆ వారమే కేంద్రం ఎక్సైజు ఎంత ఘోరంగా ఉందో నాకు తెలిసివచ్చింది. సెప్టెంబరులో రాష్ట్రం తనవంతు రెండు రూపాయలు తగ్గిస్తే ఆ సాయంత్రం బడ్డీ దగ్గరున్న అందరికీ నేనే టీ ఇప్పించాను. "ఎన్నికలు ఏడు నెలల్లో ఉన్నాయి కదరా" అని బావ గొణిగితే, గిట్టనివాళ్ళు అలాగే అంటారని కొట్టిపారేశాను.

2019లో బావ ప్రభుత్వం వచ్చింది. 2020లో ఆ రెండు మళ్ళీ నాలుగు అయింది, రోడ్డు సెస్సు పేరిట ఇంకో రూపాయి తోడైంది. ఇప్పుడు నేను ఉగ్ర నరసింహుణ్ని. బావేమో శాంతమూర్తి: "కరోనా వచ్చి ఆదాయం పడిపోయింది, పేదల ఖాతాల్లో డబ్బులు వెయ్యాలి, నాలుగు రూపాయలు ఇవ్వలేమా?" మాటలు నావే, నోరు ఆయనది. అది గమనించేంత తీరిక నాకు లేదు. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలుకి అయిదు, డీజిలుకి పది తగ్గించింది. పక్కన కర్ణాటక ఇంకో ఏడు తగ్గించింది. మన రాష్ట్రం తగ్గించకుండా పత్రికల్లో ప్రకటన ఇచ్చి కేంద్రం సుంకాల లెక్క చెప్పింది. ఆ రాత్రి కుటుంబం గ్రూపులో నేనొక వాయిస్ మెసేజి పెట్టాను. లారీవాడి కడుపు, ఆటోవాడి కన్నీరు, సామాన్యుడి నడుము, ఏదీ వదల్లేదు.

ఈ పన్నుల వెనకున్న కిటుకు నాకు తెలియక కాదు. కేంద్రం ఎక్సైజు లీటరుకి ఇన్ని రూపాయలని ఉంటుంది. రాష్ట్రం వ్యాట్ పెట్రోలు మీద 31 శాతం, డీజిలు మీద 22.25 శాతం, ఆపైన ఆ నాలుగూ, ఆ ఒకటీ. ఆ శాతం కేంద్రం ఎక్సైజు కలిపిన ధర మీద పడుతుంది. అంటే ముడి చమురు పెరిగినా, కేంద్రం పన్ను పెంచినా రాష్ట్రం చెయ్యి కదపకుండానే దాని వాటా పెరుగుతుంది. కేంద్రం తగ్గిస్తే రాష్ట్రం వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి "మేమూ తగ్గించాం" అన్నవాడిదీ నిజమే, "మీరు పైసా తగ్గించలేదు" అన్నవాడిదీ నిజమే. ఇంత సౌకర్యమైన పన్నుని ఎవరు జీఎస్టీలోకి పోనిస్తారు? అయినా ఇదంతా టీ బడ్డీ దగ్గర చెబితే గొడవ చప్పబడిపోతుందని నాలోనే దాచుకునేవాణ్ని.

మేమిద్దరం ఒక్కటైంది యానాంలో. కాకినాడలో పెళ్ళికి బావ కారులో వెళ్ళాం. యానాం పుదుచ్చేరి కింద ఉంది, అక్కడ పన్ను తక్కువ, పెట్రోలు మన దగ్గరికంటే లీటరుకి పదమూడు రూపాయల దాకా తేడా ఉండేది. పెళ్ళి రాత్రికి, మధ్యాహ్నం ఖాళీ. "పద, ట్యాంకు నింపుకొద్దాం" అన్నాడు బావ. నాకంటే ముందు నా చెయ్యి కారు తలుపు తీసింది. ముప్పై కిలోమీటర్లు పోయాక బంకులో "ఫుల్ ట్యాంకు" అని దర్జాగా చెప్పాం. పదహారు లీటర్లకే ట్యాంకు నిండిపోయింది. బయల్దేరేముందు బెంజ్ సర్కిల్ దగ్గర ఫుల్ చేయించింది నేనే, దారిలో రేటు పెరుగుతుందేమోనన్న భయంతో! పదహారు పదమూళ్ళు రెండొందల ఎనిమిది మిగిలింది. పోనూ రానూ అరవై కిలోమీటర్లకి నాలుగు లీటర్లు, అంటే నాలుగొందల దాకా తగలేశాం. రెండు పార్టీల వాళ్ళం పొత్తు పెట్టుకుని చేసిన పని అదొక్కటే. వస్తూ ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: లెక్క ఇంట్లో చెప్పకూడదని. అక్క కారు దిగకముందే కనిపెట్టింది.

2024 జూన్‌లో మళ్ళీ మా ప్రభుత్వం వచ్చింది. ఆ నాలుగూ, ఆ ఒకటీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను కూడా ఎక్కడివాణ్ని అక్కడే ఉండిపోయి, సాయంత్రాలు క్రికెట్ గురించి ఎక్కువగా మాట్లాడసాగాను. బావ ఊరుకుంటాడా? 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఎక్సైజు రెండు రూపాయలు పెంచిన రోజున నా పాత వాయిస్ మెసేజిని అదే గ్రూపులో మళ్ళీ పెట్టాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. వంటింట్లో మా ఆవిడ దాన్ని మొత్తం విని, "ఎవరండీ ఈయన, బాగా మాట్లాడుతున్నాడు. ఈసారి ఈయనకి ఓటేద్దామా?" అంది.

బావ కొడుకు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాడు. ఆ మెసేజి విని వీడియో కాల్ చేశాడు. "మావయ్యా, ఇక్కడ పెట్రోలు సుంకం 2011 నుంచి పెంచలేదు తెలుసా? 2022లో రిషి సునాక్ అయిదు పెన్నీలు తగ్గించాడు, తరవాత లేబర్ పార్టీ వచ్చింది, వాళ్ళూ దాన్ని ముట్టుకోలేదు." 2000 సెప్టెంబరులో అక్కడ లారీవాళ్ళు, రైతులు చమురు కర్మాగారాల ముందు బైఠాయిస్తే బ్లెయిర్ ప్రభుత్వం వణికిందని నేనూ చదివాను. "చూశావా, అదీ జనం అంటే!" అన్నాను. "కారు సంగతి కాదు మావయ్యా, చలికాలం ఇంట్లో హీటరు వెయ్యాలా వద్దా అన్నదే ఇక్కడ లెక్క. 2022 ఏప్రిల్‌లో ఇంటి గ్యాసు, కరెంటు గరిష్ఠ ధర ఒక్కసారే యాభైనాలుగు శాతం పెంచారు. మేం స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నాం" అన్నాడు. పిల్లవాడు చలికి వణికిన కథ చెబుతుంటే, బావా నేనూ సునాక్ మన రాష్ట్రంలో ఉంటే ఏ పార్టీలో చేరేవాడని వాదించుకున్నాం.

ఇక అసలు వెధవతనం. 2019 నుంచి ఇంటి ఖర్చుకి మా ఆవిడ చేతికి నెలనెలా ఒకటే మొత్తం ఇస్తూ వచ్చాను. 2022 వేసవిలో, విజయవాడలో పెట్రోలు నూట ఇరవై దాటినప్పుడు, ఆవిడ నెలాఖరుకి ముందే డబ్బులు అయిపోయాయంది. నేనేమన్నానో తెలుసా? పటమట రైతుబజారులో బేరం ఆడడం చేతకావడం లేదన్నాను. మదనపల్లె టమాటా అయినా, కర్నూలు ఉల్లిపాయ అయినా బెజవాడకి నడిచి రావు. ఆ బళ్ళ కిరాయి పెరిగిందని ఓనర్ల పుస్తకాల్లో రాసింది నా చెయ్యే. పగలు కిరాయి పెంచి రాసి, రాత్రి టమాటా ఎందుకు పెరిగిందని పెళ్ళాన్ని నిలదీసిన మొగుణ్ని. స్కూటరుకి రెండొందల నోటు ఇచ్చినట్టే ఇంటికీ ఇచ్చేసి, మిగతా దూరం ఆవిణ్నే తోసుకోమన్నాను.

వాయిస్ మెసేజి తిరిగొచ్చిన మర్నాడు ఆవిడ తన నోటుపుస్తకం నా ముందు పెట్టింది. అందులో కేంద్రం, రాష్ట్రం లేవు. నూనె ప్యాకెట్లు, పాలు, ట్యూషను ఫీజులు ఉన్నాయి. చివర నా పేరున ఒక పేజీ. "మీ స్కూటరు నెలకి ఇరవై లీటర్లు తాగుతుంది. మీరు పదేళ్ళుగా కొట్టుకుంటున్న ఆ నాలుగూ ఒకటీ కలిపితే వంద రూపాయలు. కొట్టుకుంటూ తాగిన టీలు, మీవీ అన్నయ్యగారివీ కలిపి, ఏడొందలు." దీపం పథకంలో ఏడాదికి మూడు గ్యాసు బండలు ఉచితమని, అది మా పార్టీ ఘనతేనని గుర్తుచేయబోయాను. "ముందు డబ్బు మనమే కట్టాలి, తరవాత ఖాతాలో పడతాయి. ఆ ఎనిమిది వందల పైచిలుకు ఇలా ఇచ్చి ఘనత చెప్పండి" అంది. ఇచ్చాను. ఆ నెల నుంచి ఇంటి ఖర్చు ఎంతన్నది ఆవిడే చెబుతోంది, నేను తెచ్చి ఇస్తున్నాను.

మొన్న బావ ఫోన్ చేశాడు. పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, కారు మైలేజీ పడిపోయింది, ఇంతకంటే దోపిడీ ఉంటుందా అన్నాడు. నా స్కూటరు కూడా ఈమధ్య తేడాగానే ఉంది. అయినా నేను వెంటనే చెరకు రైతు, మొక్కజొన్న రైతు, విదేశీ మారకద్రవ్యం అంటూ అందుకున్నాను. కేంద్రంతో మాకు మళ్ళీ పొత్తు కదా.