బందెలదొడ్డికి చిక్కని కోడి

బందెలదొడ్డి చట్టాన్ని తెల్లదొరలు 1871లో రాశారు. నీ చేలో పడి మేసిన పశువును తోలుకుపోయి దొడ్డిలో పెట్టించొచ్చు, దాని ఆసామి అపరాధం కట్టి విడిపించుకోవాలి. పశువంటే ఏవేవో ఆ చట్టంలోనే వరసగా చెప్పారు. ఏనుగు ఉంది. ఒంటె ఉంది. గేదె, గుర్రం, కంచరగాడిద, గాడిద, పంది, గొర్రె, మేక, చివరికి మేకపిల్ల కూడా ఉంది. మా డెల్టాలో ఒంటె వచ్చి వరిచేను మేసిన దాఖలా లేదు గానీ, వస్తే మటుకు చట్టం సిద్ధంగా ఉంది. కోడి ఒక్కటే లేదు. రోజుకు పదిసార్లు గోడ దూకే జీవిని దొరలు మరిచిపోయారు.

మా ఊళ్లో ఇరుగుపొరుగు ఇంకా మాట్లాడుకుంటున్నారంటే ఆ మతిమరుపు పుణ్యమే. మాట్లాడుకోవడానికి మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటే పోయాయి. కుళాయి ఇంట్లోకొచ్చాక నూతి దగ్గర పనిలేదు. గ్యాసు వచ్చాక నిప్పుకు వెళ్లక్కర్లేదు. మజ్జిగ ప్యాకెట్లో దొరుకుతోంది, పెళ్లిపిలుపు వాట్సాప్‌లో వస్తోంది. గోడలు ఆరడుగులు లేచాయి, వాటి మీద గాజుపెంకులు, ఆ పైన సీసీ కెమెరా. డ్రోన్లు ఎగరేసి రీసర్వే చేసి, సరిహద్దు రాళ్లు కూడా పాతారు. పెట్టకోడి వచ్చి ఆ రాయి మీదే నిలబడి, రెండు వైపులా చూసి, ఎటు పురుగులు ఎక్కువుంటే అటు దిగుతుంది.

దిగాక మాటలు మొదలవుతాయి. కోడిని అడ్డం పెట్టుకుని పొరుగింటిని తిట్టడం మన పల్లెల్లో పాత విద్యే. ఎండబెట్టిన వడియాల మీద పెట్ట కనపడగానే తూర్పింటావిడ, "ఏమే, సిగ్గులేదూ! మీ ఇంట్లో తిండి పెట్టరు గాబోలు, తెల్లారేసరికి మా మీద పడతావ్!" అంటుంది. పడమటింటావిడ గోడవతల నుంచి తన కోడినే బుజ్జగిస్తుంది: "ఇలా వచ్చెయ్యమ్మా, పిడికెడు నూకలకు కూడా చెయ్యిరాని వాళ్ల వాకిలి మనకెందుకు తల్లీ!" ఇద్దరూ ఒకళ్లనొకళ్లు ఒక్క మాట అనలేదు. పంచాయతీలో సాక్ష్యం చెప్పమన్నా కోడిని అన్నామనే చెబుతారు, అది నిజం కూడా.

తిట్లు పొద్దున్న అయితే, లావాదేవీలు సాయంత్రం. పెట్ట ఎవరిదైనా గుడ్డు మటుకు పొరుగింటి గడ్డివాములోనే పెడుతుంది. పెట్ట ఆసామిది, చోటు పొరుగాయనది, మరి గుడ్డు? సుప్రీంకోర్టు దాకా వెళ్లదగ్గ ప్రశ్న. మా వీధిలో దీన్ని నాలుగు గుడ్లు ఇచ్చి ఒకటి ఉంచుకునే పద్ధతిలో తేల్చారు. ఆ ఒకటి ఎప్పుడు రెండయిందో లెక్క చూడకపోవడాన్నే మంచితనం అంటారు. ఇక పుంజు సంగతి చెప్పనక్కర్లేదు. పుంజు ఒకరిది, సంసారం వీధందరితో. దీనికి ఇంతవరకూ జీఎస్టీ లేదు.

కోడి పుణ్యమా అని ఊళ్లు కలవడమే గాని విడిపోవడం లేదని నేననను. పల్నాటి కథలో ఒక్క కోడిపందెం ఓడి బ్రహ్మనాయుడి వైపు వాళ్లు మాచర్ల విడిచి ఏడేళ్లు వలస పోయారు. మా వీధిలో తగువులు అంత దూరం పోవు. మళ్లీ పొదుగు కోడి కావాల్సి వస్తుంది కదా.

ఈ పొదుగు కోడి వ్యవహారం పట్నం వాళ్లకు కాస్త విప్పి చెప్పాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అని రకాలు తయారుచేసింది. మంచి కోళ్లు. రంగులున్నాయి, ఒళ్లుంది, నాటుపెట్ట కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. ఒక్క పనే చెయ్యవు, పొదగవు. గుడ్డు పెట్టి, ఇక మీ ఇష్టం అన్నట్టు తవుడు తినడానికి వెళ్లిపోతాయి. ఆ గుడ్లు పిల్లలు కావాలంటే ఇరవై ఒక్క రోజులు గంప కింద ఓపిగ్గా కూర్చునే నాటుపెట్ట కావాలి. అది మన దగ్గర లేకపోతే, ఏ వదినగారి కోడిని మొన్ననే సిగ్గులేదన్నామో ఆ వదినగారింటికే వెళ్లాలి. "వదినగారూ, మీ పెట్ట పొదుగుకొచ్చిందటగా?" అని మొదలుపెట్టి, ఆవిడ పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అన్నీ విని, చివరికి కోడిపిల్లల్లో సగం వాటా ఇచ్చేలా ఒప్పందం చేసుకుని రావాలి. ప్రయోగశాలలో అంత చదువుకున్నవాళ్లు కోడిలోంచి పొదుగు బుద్ధి తీసేసింది మా వీధిని కలపడానికేనని నా గట్టి నమ్మకం.

ప్రభుత్వం మటుకు ఇప్పుడు ఈ వదినగార్లను దాటి పైకి వెళ్లిపోయింది. ఒకప్పటి పెరటి కోళ్ల పథకం పేదింటికి నాలుగు వారాల పిల్లల్ని పంచేది. 2021లో జాతీయ పశుసంపద మిషన్‌ను దిద్దాక మాట మారింది. గ్రామీణ కోళ్ల పారిశ్రామికవేత్త కావాలన్నారు. ఖర్చులో సగం, 25 లక్షలకు మించకుండా సబ్సిడీ ఇస్తారు. కాకపోతే కనీసం వెయ్యి తల్లికోళ్లుండాలి. మా పడమటింటావిడకు ఉన్నవి ఏడు. ఆవిడ పారిశ్రామికవేత్త కావడానికి తొమ్మిదివందల తొంభైమూడు కోళ్లే తక్కువ.

పెరటి మనిషిని సర్కారు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోదనడం కూడా అన్యాయమే. కోళ్లకు జబ్బొచ్చి పిచికారీ బృందం దిగినప్పుడు తీసుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చినప్పుడు మ్యాపు మీద వలయాలు గీశారు. ఫారం చుట్టూ కిలోమీటరు వ్యాధి ప్రాంతం, పది కిలోమీటర్లు నిఘా ప్రాంతం. ఆ కిలోమీటరులో ఉన్న కోళ్లన్నీ పోవాల్సిందే. వేలకు వేలున్న షెడ్డు, మూడు కోళ్లున్న చూరు, రెండూ ఒకటే. జబ్బు తీరు అలాంటిది, ఆ జాగ్రత్త తప్పదు, దాన్ని తప్పుపట్టను. సబ్సిడీ దగ్గర కనిపించని ముసలమ్మ మూడు కోళ్లు వలయం గీసేటప్పుడు మాత్రం ఎంత స్పష్టంగా కనిపిస్తాయో, అదే ముచ్చట. షెడ్డు గేటు దాటి ఆవిడను ఏనాడూ లోపలికి రానివ్వని ఆసామి, ఆ రోజు ఆవిడకు ఇరుగుపొరుగు అయ్యాడు.

అన్నిటికంటే మా వీధిని గట్టిగా కట్టిపడేసేది ఓ చిన్న మందుబుడ్డి. కొక్కెర తెగులు వచ్చిందంటే వీధిలో కోళ్లన్నీ మెడలు తిరిగిపోయి వరసగా పడిపోతాయి. దానికి టీకా ఉంది. కాకపోతే బుడ్డికి వంద మోతాదులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, అప్పటిదాకా మంచులో ఉండాలి. ఏడు కోళ్ల కోసం బుడ్డి విప్పితే తొంభైమూడు మోతాదులు మట్టిపాలు. అందుకని ముందురోజు సాయంత్రం జనాభా లెక్కలు మొదలవుతాయి. తూర్పింట్లో పదకొండు, పడమటింట్లో ఏడు, కోనేటి గట్టు మీద మామ్మగారివి మూడు. అరవై దగ్గర ఆగిపోతుంది. మిగతా నలభై ఎవరి దగ్గరున్నాయంటే, గట్టు తగాదా పెట్టుకుని కోర్టులో ఉన్న రెండిళ్ల దగ్గర. వాయిదా రోజున ఎదురుబొదురు కుర్చీల్లో మొహం తిప్పుకునే మనుషులు, తెల్లారుజామున అయిదింటికి ఒకే ఫ్లాస్కు చుట్టూ నిలబడతారు. ఒకాయన కోడి రెక్క ఎత్తి పట్టుకుంటాడు, రెండో ఆయన సెల్‌ఫోన్ లైటు వేస్తాడు. "కాస్త ఇటు పట్టండి బావగారూ" అన్న మాట కూడా వినబడుతుంది. లాయర్లకు తెలిస్తే ఏమనుకుంటారో!

మొన్నటి విడతలో అందరివీ అయ్యాక కూడా బుడ్డిలో ఇంకా కాస్త మందు మిగిలింది. ఊరిపెద్దగారి దొడ్లో బాదంపప్పు తింటున్న పుంజులు అందరికీ గుర్తొచ్చాయి. పైకి మాత్రం ఎవరూ అనలేదు. 1960 నాటి జంతుహింస చట్టం, 1974 నాటి జూద నిరోధక చట్టం, హైకోర్టు ఉత్తర్వులు అన్నీ ఉండగా మా ఊళ్లో పందెంకోళ్లు ఉండే ప్రసక్తే లేదు. సంక్రాంతి దగ్గర పడుతోంది, మందేమో వేడెక్కిపోతోంది. ఆఖరికి పెద్దగారి పాలేరే నాలుగు పుంజుల్ని చంకలో ఇరికించుకుని వచ్చాడు. ఒకటి డేగ, ఒకటి నెమలి, రెండు కాకులు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు రెక్కలెత్తి సూదులు పొడిచి, రిజిస్టరు తీసి, పెద్దగారి పేరుకెదురుగా "పెట్టలు, నాలుగు" అని రాసుకున్నాడు.