వాన్నాక్రై బెదిరింపు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక: 2017 మే 12 నుంచి కొద్ది రోజుల్లో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్ల మీద ఎర్ర తెరతో ప్రత్యక్షమైంది. దాని బెదిరింపు లేఖకు 28 భాషల్లో పాఠాలున్నాయి; తెలుగు లేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు సోకి కూడా తెలుగులో పలకరించకపోవడం అన్యాయమని ఆటవెలదిలోకి దించాం. కర్త ఉత్తర కొరియా అని అమెరికా అంటుంది. ఆ దేశం కాదంటుంది. కర్తృత్వ వివాదం లేని కావ్యం మనకు మాత్రం ఎక్కడుంది!

నీదు ఫైళ్లకెల్ల నే వేసితిని కప్ప
మూడువందలిడిన మూత దీతు
మూడునాళ్లు దాట ముడుపు రెట్టింపగు
వారమైన పిదప భస్మమగును

టీక: నీదు = నీవని నువ్వనుకుంటున్న; ఫైళ్లకు ఎల్లన్ = పెళ్లి ఫొటోలు, జీతం స్లిప్పులు, పాస్‌పోర్టు స్కానూ మొదలుగా గల వాటన్నిటికీ; నే = ఎవరో చెప్పని నేను; కప్ప వేసితిని = తాళం వేశాను (చెవి నా దగ్గరే అని ధ్వని); మూడువందలు ఇడినన్ = 300 డాలర్ల బిట్‌కాయిన్ ఇస్తే (రూపాయలని భ్రమించరాదు); మూత తీతున్ = తెరుస్తాను (విశేషాలు చూడుడు); ముడుపు = వెంకన్నకు కట్టేది కాదు; భస్మము అగును = ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, తెరుచుకోవు.

తాత్పర్యం: డబ్బులు తీయి.

విశేషాలు: "మూత దీతు" అన్న మాట నమ్మి కొందరు చెల్లించారు. సొమ్మంతా మూడే మూడు బిట్‌కాయిన్ ఖాతాల్లో పడింది. ఏది ఎవరు కట్టారో పోల్చుకునే ఏర్పాటు కర్త సరిగా చేసుకోలేదు. దొంగ మాట మీద నిలబడదామనుకున్నా చెవి ఎవరి చేతిలో పెట్టాలి?

ఈ వైరస్ లింకు నొక్కితేనే వచ్చే రకం కాదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే దారిలో ఉన్న కంత గుండా యంత్రం నుంచి యంత్రానికి తానే పాకింది. ఆ కంత పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలలు 'తర్వాత చూద్దాం' అన్నవారికి "నీదు" అనే ఏకవచనమే తగునని లాక్షణికుల మతం.

రసం కరుణ. అయితే ఫైళ్ల నకలు విడి హార్డ్‌డిస్కులో ఉన్నవాడి దగ్గర రసభంగం తప్పదు. వాడు విండోస్ మళ్లీ ఎక్కించుకుని టీ తాగుతాడు. ఆ డిస్కును కంప్యూటరుకు తగిలించే ఉంచితే దానికీ కప్ప పడి రసం నిలుస్తుంది. కాపీ అవగానే తీగ పీకి బీరువాలో పెట్టేవాళ్లను ఈ కవులు బొత్తిగా సహృదయులుగా లెక్కించరు.

ఫలశ్రుతి: మూలంలో లేదు. వైరస్ వెతుక్కుంటున్న, దొరికితే తానే ఆగిపోయే, ఒక అర్థంలేని వెబ్ చిరునామాను బ్రిటన్ యువకుడు మార్కస్ హచిన్స్ సుమారు 10 డాలర్లకు తన పేర నమోదు చేయించడంతో కావ్యప్రచారం ఆగింది.