కావా కావాలట బాబాయికి

షార్జాలో మా రూములో ఆరు మంచాలు, ఒక వైద్యుడు. ఆయనకి డిగ్రీ లేదు, ఫోనుంది. అందరం బాబాయ్ అంటాం. పోయిన నెల మెంతినీళ్ళు తాగించాడు. ఈ నెల కావా మీద పడ్డాడు.

"పసిఫిక్ దీవుల వేరురా అబ్బాయ్. నీళ్ళలో కలుపుకు తాగితే టెన్షన్ ఎగిరిపోయి నిద్ర ముంచుకొస్తుంది. కెమికల్ ఒక్క చుక్క లేదు, అంతా ప్రకృతే!"

గన్నేరు పప్పు కూడా ప్రకృతే బాబాయ్ అన్నాను. వినలేదు. పెళ్ళిళ్ళ పేరయ్యలా వంశం విప్పాడు. మన తమలపాకుకీ మిరియానికీ కావా దగ్గర చుట్టమట. ఆ మాట నిజమే, మూడూ పైపర్ కుటుంబమే. అయితే వంశం చూసి, పిల్లాణ్ణి చూడకుండా తాంబూలాలు పుచ్చుకున్న వాళ్ళని మన ఊళ్ళలో ఎంతమందిని చూళ్ళేదు?

"అయినా నేను మా అర్బాబు మజ్లిస్‌లో తాగాను కదరా, నాకేమైంది?" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. యజమాని ఇంటి అతిథుల చావడిలో ఆయన తాగింది గహ్వా! ఇక్కడి దిర్హం నాణెం మీద ఉంటుందే కొంగముక్కు కూజా, దల్లా, అందులోంచి పోసే ఏలకుల కాఫీ. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకీ ఎక్కింది. చెవిలేని బుల్లి కప్పులో అడుగున కాస్త పోస్తారు. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. బాబాయికి ఆ సంగతి తెలీదు. వద్దంటే బావుండదని పదకొండు కప్పులు పుచ్చుకుని, తెల్లవార్లూ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టి, "డోసు చాల్లేదురా" అని తేల్చాడు.

సరే, అసలు కావా సంగతి. ఫిజీ, వనువాటు, టోంగాల్లో తరతరాలుగా తాగుతున్నారు. గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీలుగా ఫిజీ చేరిన మనవాళ్ళ మనవలూ తాగుతున్నారు. కానీ వాళ్ళు తాగే తీరు బాబాయి ఫోనులో చూసిన వీడియోలో లేదు. అక్కడ వేరు భాగమే వాడతారు, ఆకూ కాడా ముట్టరు. దంచి, చన్నీళ్ళలో పిసికి, వడకట్టి, కొబ్బరి చిప్పతో ఒక్కొక్కటే అందిస్తారు. ముందు పెదవులూ నాలుకా మొద్దుబారతాయి. తర్వాత ఒళ్ళు వదులవుతుంది, ఆ తర్వాతే మత్తు. కొత్తవాడు అందాకా ఆగాలి. మా బాబాయి టీ చల్లారేదాకానే ఆగలేడు. "ఏమీ ఎక్కలేదే" అని మూడు చిప్పలు వరసగా లాగించే రకం.

ఆయనకి నడుంనొప్పి, పారాసెటమాల్ మాత్రలు దిండు కిందే ఉంటాయి. కావా వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి, అరుదే గానీ ఉన్నాయి. మోతాదు మీరితే పారాసెటమాల్ దెబ్బా ఆ కాలేయానికే. మందు పార్టీలో చుక్కో, నిద్రమాత్రో తోడైతే చెప్పక్కర్లేదు. పైగా తెల్లవారుజామున 311 రోడ్డు మీద ట్రైలర్ తోలేదీ ఈయనే. ఆ టైముకి మత్తు దిగిందో లేదో పక్క లేన్‌లో వెళ్ళేవాడు కనుక్కోవాలి కాబోలు.

"జర్మనీ కోర్టే మంచిదందిరా" అన్నది చివరి అస్త్రం. 2002లో జర్మనీ కావా మందుల అనుమతులు రద్దు చేసింది, 2014లో అక్కడి కోర్టు ఆ రద్దు చెల్లదంది. నిషేధానికి ఆ కారణాలు చాలవన్నారు గానీ, తాగి ట్రైలరెక్కమని తీర్పులో రాయలేదు బాబాయ్.

ఇక పొడి వచ్చే దారి. బావమరిది సూట్‌కేసులో తెప్పిస్తాడట! గసగసాలు తేవడమే నేరమైన దేశం ఇది. అత్తగారు ప్రేమగా దంచి కట్టిన కూర మసాలా పొట్లానికే గుండె దడదడలాడుతూ క్యూలో నిలబడతాం. బూడిదరంగు పొడి డబ్బా మీద 'నేచురల్' అని ఉంటే కస్టమ్స్ వాళ్ళు దండేసి పంపుతారా? చట్టం ఏమంటోందో బావమరిది బయల్దేరకముందే కనుక్కోమన్నాను. "వేరుకి చట్టమేంటిరా" అన్నాడు.

నిన్న మళ్ళీ మజ్లిస్‌కి వెళ్ళొచ్చాడు. కప్పు ఊపడం నేర్చుకున్నానని గర్వంగా చెప్పాడు. ఎన్నో కప్పుకి ఊపావని అడిగితే, "తొమ్మిదోదానికి" అన్నాడు.